దొరసాని నుదుటి గీత

సింగపూరు వెళ్ళొచ్చానని తెలిసి మా చీరాలలో నన్ను పలకరించిన వాళ్ళందరూ రెండే ప్రశ్నలు అడిగారు. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ చూశారా అని ఒకటి, అక్కడ బంగారం మేలు రకమటగా, ఏమైనా తెచ్చారా అని ఇంకొకటి. సింహాన్ని చూడలేదు. బంగారం కొట్టు గడప తొక్కలేదు. ఉన్నది ఐదు రోజులైతే అందులో మూడు రోజులు ఒకే గది చుట్టూ, ఒకే బొమ్మ కోసం తిరిగి వచ్చాను. ఆ మాట చెప్పగానే మా ఎదురింటావిడ, "టీచరు గారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

బాగానే ఉంది. ఎందుకు వెళ్ళానో, ఏం చూశానో మొదటినుంచీ చెబుతాను. సింహం సంగతి కావలసినవాళ్ళు వేరే ఎవరినైనా అడగాలి.

గళ్ళు గీసిన బొమ్మ

నేను ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పాత విదేశీ క్యాలెండరులోంచి చించిన రంగుల బొమ్మ ఒకటి ఇచ్చారు. ఐదు వందల ఏళ్ళ కిందటి ఇటలీ దేశపు దొరసాని. ముదురెరుపు పట్టు రవిక, చీలికల్లోంచి తెల్లబట్ట బయటికి పొంగే పొడుగు చేతులు, మెడలో ఒంటి పేట ముత్యాలు. కాస్త పక్కకి తిరిగి కూర్చుని, మనం ఏదో తప్పు చేస్తే పట్టుకుందామన్నట్టు చూస్తుంటుంది. ఆవిడెవరో తెలియదని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

ఆ బొమ్మ మీద నేను స్కేలు పెట్టి నల్ల ఇంకుతో అంగుళానికో గీత చొప్పున నిలువుగా, అడ్డంగా గళ్ళు గీశాను. బొమ్మ చూసి బొమ్మ దింపడం నేర్పడానికి మా డ్రాయింగ్ టీచర్ల పద్ధతి అదే. బొమ్మ మీద ఎన్ని గళ్ళున్నాయో పిల్లలు కాగితం మీద కూడా పెన్సిలుతో అన్ని గళ్ళు లేతగా గీసుకోవాలి. ఏ గడిలో ఏముందో చూసి ఆ గడిలో అది వేసుకోవాలి. అంతా అయ్యాక పెన్సిలు గళ్ళు రబ్బరుతో శుభ్రంగా తుడిచేయాలి. గళ్ళు మిగిలితే మార్కులు కోస్తాను. ఏళ్ళ తరబడి పిల్లలు ఆ దొరసానిని దింపుతూనే ఉన్నారు.

ఒక ఏడాది జిల్లా పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపాల్సి వచ్చింది. తొమ్మిదో తరగతిలో సరళ అని ఒక పిల్ల ఉండేది. చెయ్యి మంచిది, నోరు తక్కువ. ఆ పిల్ల వేసిన దొరసాని అందరికంటే బాగుంది, కానీ నుదుటికి అడ్డంగా ఒక గీత మిగిలిపోయింది. గళ్ళన్నీ తుడిచి అదొక్కటి వదిలేసింది.

"ఇదేమిటే, తుడవడానికి బద్ధకమా?" అన్నాను.

"అది గడి గీత కాదు మేడమ్. ఆవిడ తలకి కట్టుకున్న తాడు."

"తాడెక్కడిదే? బొమ్మ మీద గీత గీసింది నేను. స్కేలు నాది, ఇంకు నాది."

"మీ గీత కింద ఇంకో గీత ఉంది మేడమ్," అంది.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. "స్కేలు పెట్టి గీసుకునే గీత కూడా వంకరపోయింది. పైగా అబద్ధమొకటి," అన్నాను. నలభై మంది పిల్లలు గొల్లుమని నవ్వారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రబ్బరు తీసుకుని ఆ గీత నేనే తుడిచాను. నల్లగా వత్తి గీసిన గీత, ఒక పట్టాన పోలేదు. పోయేదాకా తుడిచాను. కాగితం పొరలు లేచి నుదుటి దగ్గర చిరిగింది. పోటీకి వేరే పిల్లని పంపాను. సరళ ఆ తర్వాత నా క్లాసులో పెన్సిలు పట్టుకుని కూర్చునేది గానీ గీసేది కాదు.

ముప్పై ఏళ్ళయింది. ఆ క్యాలెండరు కాగితం ఎప్పుడో చెదలు తినేసింది. సరళ ఇప్పుడు మా మండలాఫీసులో పనిచేస్తుంది. నాకు ఏ కాగితం కావలసి వచ్చినా ఆమె కిటికీ ముందు వరస చిన్నదైనా సరే, పక్క వరసలోనే నిలబడతాను. తప్పు నాదని అనుకుని కాదు. ఆ పిల్ల మొహం చూడలేక.

మొన్న వేసవిలో మా చెల్లెలి కూతురు లావణ్య సింగపూరు నుంచి ఫోన్లో ఫోటో పంపింది. ఆఫీసు వాళ్ళతో ఏదో చిత్రశాలకి వెళ్ళిందట. దాని భుజం వెనక గోడ మీద ఆ ముదురెరుపు చేతులు కనిపించాయి. అన్నేళ్ళు ఎదురుగా పెట్టుకున్న బొమ్మ నాకు తెలియదా? వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. నుదుటి మీద అడ్డంగా ఏదో ఉంది. తాడో, పగులో, అద్దం మీద పడిన దీపం వెలుగో తెలియలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

"ఇంటర్నెట్‌లో వెతికి పంపిస్తా పెద్దమ్మా, దీనికోసం విమానం ఎక్కుతారా ఎవరైనా?" అంది లావణ్య. వెతికి పంపింది కూడా. తపాలా బిళ్ళంత ఉంది, లాగితే ముక్కచెక్కలైంది. జిరాక్సు చూసి నేనెప్పుడూ మార్కులు వేయలేదు. ఇంకో పది రోజుల్లో ఆ బొమ్మలన్నీ వాటి సొంత దేశాలకి వెళ్ళిపోతాయని తెలిశాక టిక్కెట్టు తీయమన్నాను.

చోవా చూ కాంగ్

లావణ్య వాళ్ళ ఫ్లాటు చోవా చూ కాంగ్ అనే చోట పన్నెండో అంతస్తులో ఉంది. పేరు నోరు తిరగడానికి నాకు ఒక పూట పట్టింది. చుట్టూ అన్నీ ఇలాంటి మేడలే. కిటికీల్లోంచి వెదురుగడలు బయటికి చాపి, వాటికి బట్టలు గుచ్చి ఆరేస్తారు. పన్నెండో అంతస్తు నుంచి లంగా జారితే ఎవరి నెత్తిన పడుతుందో అని నాకు బెంగ. ఇక్కడివాళ్ళకి లేదు.

లావణ్య బ్యాంకులో పనిచేస్తుంది. భర్త ఆ వారం వేరే దేశంలో ఉన్నాడు. కూతురు తన్వికి పదేళ్ళు. నేను తెలుగులో అడుగుతాను, అది మాట చివర లా, వాట్ అని ఇక్కడి తోకలు తగిలించి ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఇద్దరికీ బాగానే అర్థమవుతుంది.

"బొమ్మ చూడ్డానికే వచ్చావా అమ్మమ్మా? జస్ట్ వన్ పెయింటింగ్?"

"ఒక్కటే."

"అండ్ ద లైన్ ఈజ్ దేర్, దెన్ హౌ?"

"ఉంటే నా దగ్గర చదువుకున్న సరళకి క్షమాపణ చెప్పుకోవాలి."

"సో జస్ట్ కాల్ హర్ లా! ఉన్నా లేకపోయినా, సే సారీ," అని పలకమీద లెక్క తేల్చినట్టు తేల్చేసింది. ఉన్నదీ లేనిదీ తెలియకుండా క్షమాపణ చెబితే అది మొహమాటమే అవుతుందని దానికి చెప్పాను. నమ్మినట్టు లేదు.

బ్లేడు

మర్నాడు లావణ్య ఆఫీసుకు వెళుతూ నన్ను చిత్రశాల గుమ్మం దాకా దింపింది. లోపల సంచులు చూసే చోట ఒక అమ్మాయి నా సంచిలోంచి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. పన్నెండు అంగుళాల స్టీలు స్కేలు. మొన ఉన్న కంపాసు. ఆరు పెన్సిళ్ళు. చివరికి కాగితంలో చుట్టిన సగం బ్లేడు.

డ్రాయింగ్ టీచర్లెవరూ షార్పునర్ వాడరు. మొన పొడుగ్గా రావాలంటే బ్లేడుతోనే చెక్కాలి. ఆ సంగతి ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? కోట్ల విలువ చేసే బొమ్మలున్న చోటికి బ్లేడుతో వచ్చిన ముసలావిడని చూసి మొహం పాలిపోయింది. పైఅధికారి వచ్చాడు. ఎందుకొచ్చారని మర్యాదగానే అడిగాడు. "ఒక గీత ఉందో లేదో చూడ్డానికి," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆ జవాబు నాకు ఏమీ ఉపయోగపడలేదు. స్కేలు, కంపాసు, బ్లేడు లాకర్లోకి వెళ్ళాయి. పెన్సిళ్ళు, కాగితాలు మాత్రం వెంట తీసుకెళ్ళనిచ్చారు.

దొరసాని రెండో అంతస్తులో, మూడో గదిలో ఉంది. నేను అనుకున్నదానికంటే చిన్న బొమ్మ, మన ఇళ్ళలో దేవుడి పటమంత. ముందు అద్దం. నేల మీద ఒక గీత, అది దాటి వెళ్ళకూడదు. పక్కన గోడకి అంటించిన కాగితంలో ఆవిడ కట్టుకున్న పట్టు ఏ రకమో, ముత్యాలు ఏ సముద్రానివో, ఆ చేతుల కుట్టు ఏ ఊళ్ళో కుట్టేవారో అంతా రాశారు. పేరు మాత్రం తెలియదట. ఇంత పట్టు కట్టిన మనిషికి పేరు మిగలకపోవడం నాకు కష్టంగా తోచింది.

ఇక నుదురు చూద్దామని కళ్ళజోడు తుడుచుకున్నాను. పైకప్పు దీపం తెల్లటి చారలా అద్దం మీద సరిగ్గా ఆవిడ నుదుటి మీదే పడింది. ఎడమకి జరిగాను, చార కూడా జరిగింది. మునివేళ్ళ మీద లేచాను, ఇంకాస్త పైకి పాకింది గానీ నుదురు వదల్లేదు. ఒక్క జానెడు ముందుకి వంగాను. ఎక్కడో కీచుమని మోత మోగింది.

ముదురు నీలం కోటు వేసుకున్న కాపలా ఆవిడ గబగబా వచ్చింది. నా వయసే ఉంటుంది, నల్లగా, పొడుగ్గా, కొప్పులో రెండు తెల్ల క్లిప్పులు. "ఆంటీ, ప్లీజ్, బిహైండ్ ద లైన్," అంది. వెనక్కి జరిగాను. అయిదు నిమిషాలకి మళ్ళీ వంగాను, మళ్ళీ మోత. మళ్ళీ ఆవిడ. ఇక గంటసేపు నాకు రెండడుగుల దూరం నుంచి కదల్లేదు. బ్లేడు సంగతి ఆవిడ దాకా వెళ్ళిందని నాకు తర్వాత తెలిసింది.

విసుగెత్తి, "ఖర్మ కాకపోతే, ఇంత గోడ ఉండగా ఈ దీపం సరిగ్గా నుదుటి మీదే పడాలా!" అన్నాను పైకే.

కాపలా ఆవిడ తల తిప్పింది. "తెలుగా అక్కా నువ్వు?"

అంతలో ఒక బడి పిల్లల గుంపు గదిలోకి రావడంతో ఆవిడ అటు పరిగెత్తింది. నేనూ ఆ రోజుకి బయటపడ్డాను.

జురాంగ్ ఈస్ట్‌లో కాగితపు రుమాళ్ళు

తిరుగు దారిలో జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాలి. ఆకలేసి అక్కడ తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లోకి వెళ్ళాను. బియ్యపు సేమ్యాలో కూరముక్కలు వేసి వేపుడు చేసిచ్చారు, మూడు డాలర్లు. కోపి అని చిక్కటి కాఫీ, డాలరు నలభై సెంట్లు. చీరాల కాఫీని మన రూపాయల్లోకి లెక్కేసి పోల్చుకోవద్దని లావణ్య ముందే ఒట్టు వేయించుకుంది.

ఖాళీ బల్ల ఒక్కటే కనిపించింది. దాని మీద ఎవరో మరిచిపోయిన చిన్న కాగితపు రుమాళ్ళ పొట్లం ఉంది. పోనీలే అని కూర్చుని, పొట్లం విప్పి, మూతి తుడుచుకుంటూ తింటున్నాను. చేతిలో పళ్ళెంతో ఒక చైనా పెద్దాయన వచ్చి, నన్నూ, విప్పిన పొట్లాన్నీ చూసి నిలబడిపోయాడు. పక్క బల్ల మీది తమిళావిడ నవ్వాపుకుంటూ చెప్పింది. పొట్లం పెట్టి వెళితే ఆ చోటు వాళ్ళదన్నమాట, దాన్ని చోప్ చేయడమంటారట. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసరడం లాంటిదేనని అప్పుడర్థమైంది. మన దగ్గరైతే తువ్వాలు తీసి పారేసినవాళ్ళకి నాలుగు తగిలేవి. ఆ పెద్దాయన మాత్రం "కెన్, కెన్, సిట్ ఆంటీ," అని ఎదురుగా కూర్చున్నాడు. నేనే ఆయన రుమాలు ఒకటి తీసి ఆయనకిచ్చాను.

తిన్న పళ్ళెం ఎవరిది వాళ్ళే తీసుకెళ్ళి అరలో పెట్టాలి. ఆ పద్ధతి మాత్రం నాకు చాలా నచ్చింది.

బిషాన్ మీదుగా

రెండో రోజు ఒక్కదాన్నే వెళతానన్నాను. లావణ్య కాగితం మీద దారి గీసిచ్చింది. గీత గీసిస్తే నాకు తిరుగులేదనుకున్నాను. రైలు మాత్రం అవతలి వైపుది ఎక్కాను. జురాంగ్ ఈస్ట్ రావలసింది ఎంతకీ రాదు, స్టేషన్ల పేర్లు ఒక్కటీ కాగితంలో లేవు. కంగారుపడి బిషాన్‌లో దిగిపోయి, కూరగాయల బండి తోసుకెళుతున్న ఒక మలాయ్ ఆవిడకి కాగితం చూపించాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. ఆ రైలు ఊరు చుట్టేసుకుని చివరికి నేను దిగవలసిన చోటికే వెళుతుందట, అరగంట ఎక్కువ పడుతుందంతే. దిగకుండా కూర్చుని ఉంటే ఈపాటికి చేరేదాన్ని.

చేరేసరికి దొరసాని గది నిండా మనుషులు. ఎవరో పెద్దల సంఘం వాళ్ళు ముప్పై మంది మడత కుర్చీలు వేసుకుని, చెవులకి గొట్టాలు తగిలించుకుని, గది చివర వేరే బొమ్మ గురించి వింటున్నారు. దొరసాని ముందుకి వెళ్ళే సందే లేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

నిన్నటి కాపలా ఆవిడ నన్ను చూసి దగ్గరికొచ్చింది. "మకాన్ అయ్యిందా అక్కా? తిన్నావా? నాకిప్పుడు బ్రేక్. రా, కొంజం కూకుందాం," అంది.

ఆవిడ పేరు రాజమ్మ. చిత్రశాల వెనక చెట్ల కింద బెంచీ మీద డబ్బా విప్పింది. అన్నం, చింతపండు పులుసు, పక్కన వేయించిన చిన్న చేపలు. ఇకన్ బిలిస్ అని పెట్టింది. నోట్లో వేసుకుంటే మన ఎండు నెత్తళ్ళే.

"మా తాత విశాఖపట్నం కాడి నుంచి మలాయాలో రబ్బరు తోటకి వచ్చినాడంట. మా ఊరు ఏదో కూడా నాకు తెల్దు అక్కా. ఇంట్లో పిల్లలు ఇంగ్లీషు. నా తెలుగు ఇన్నావా, సగం తమిళం, సగం మలాయి."

"బాగానే ఉంది కదండీ. నాకంతా అర్థమవుతోంది."

"నిన్న నీ మీద కన్నేసి ఉంచమన్నారు. బ్లేడు లేడీ అని చెప్పినారు," అని పకపకా నవ్వింది. "ఏంది అక్కా నీ కథ?"

చెప్పాను. సరళ గురించి, రబ్బరు గురించి, చిరిగిన కాగితం గురించి కూడా. బయటివాళ్ళెవరికీ అంతవరకూ చెప్పలేదు. రాజమ్మ తినడం ఆపి విన్నది.

"అయ్యో పాపం ఆ పిల్ల," అంది. "ఆవిడ నుదుటి మీద కదా, నేను రోజూ చూస్తా, అక్కడ..."

"చెప్పకండి," అన్నాను గట్టిగానే. "నేనే చూడాలి. ఆ రోజు ఆ పిల్ల మాట విని ఒక్కసారి దగ్గరికెళ్ళి చూడాల్సింది. చూడలేదు. ఇప్పుడు కూడా ఇంకొకరు చెప్పింది విని వెళ్ళిపోతే ఎలా?"

రాజమ్మ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. డబ్బాకి మూత పెట్టి, "సరే, అది చెప్పను. ఎట్లా చూడాలో చెప్పొచ్చా?" అంది.

చెప్పవచ్చన్నాను.

"అందరూ నిలబడి చూస్తారు. నిలబడితే లైటు ఆమె మొకాన పడతది. కింద ఆఫీసులో ముసలోళ్ళకి మడత కుర్చీ ఇస్తారు, చిన్నది. గీతకి ఇవతల వేసుకుని కూకో. లైటు కిందికి జారిపోతది. ఎనిమిది నెల్లుగా ఎన్ని బొమ్మలు కాసినా, ఇది నేను ఎవ్వరికీ చెప్పలే." ఆ రోజు కుర్చీలన్నీ ఆ సంఘం వాళ్ళే పట్టుకుపోయారు. మర్నాడు తలుపు తీసేసరికి రమ్మంది.

లేచేటప్పుడు అడిగాను, అన్ని గంటలు ఒక్కతే ఆ గదిలో ఏం చేస్తారని. "ఒక్కదాన్నేంది? ఆమె ఉంది కదా. పేరు లేదు అంటే ఎట్లా, రోజూ పొద్దున పలకరించాలి. సింహాచలమ్మ అని పిలుస్తా. మా నాయనమ్మ పేరు," అంది.

మడత కుర్చీ

మూడో రోజు తన్వికి బడి లేదు. నేనూ వస్తానంది. నా కంటే దానికే ఆత్రం ఎక్కువగా ఉంది, రైలు సరైన వైపుది అదే ఎక్కించింది. తలుపులు తీయకముందే గుమ్మంలో ఉన్నాం. మడత కుర్చీ మొదటిది మాదే.

గదిలో ఎవరూ లేరు. రాజమ్మ తన మూల నిలబడి, పరాయి మనిషిలా మొహం పెట్టుకుని ఉంది. నేల మీది గీతకి ఇవతల కుర్చీ వేశాను. కూర్చున్నాను. తెల్లటి వెలుగు చార నుదుటి మీద నుంచి ముక్కు మీదికి, అక్కడి నుంచి గడ్డం కిందికి దిగి ముత్యాల మీద ఆగింది.

గీత ఉంది.

నల్లటి సన్నటి తాడు, జుట్టు కదలకుండా నుదుటికి అడ్డంగా కట్టుకున్నది. దాని కింద చర్మం మీద వెంట్రుకంత నీడ కూడా వేశాడు ఆ చిత్రకారుడు. నేను క్యాలెండరు మీద స్కేలు పెట్టి గీసిన ఇంకు గీత సరిగ్గా దాని మీద నుంచే పోయి ఉండాలి. అందుకే నాకు కనిపించలేదు, ఏళ్ళ తరబడి వందలమంది పిల్లలకీ కనిపించలేదు. నేను తుడవమన్నాను గనక అందరూ తుడిచారు.

ఇంకొకటి కూడా చూశాను. ఆ తాడు తిన్నగా లేదు. నుదురు గుండ్రంగా ఉంటుంది కదా, తాడు దానితో పాటే వంగి, కణతల దగ్గర కొంచెం కిందికి దిగి జుట్టులోకి పోయింది. సరళ గీత వంకరపోయిందని నేను నవ్వించాను. అది వంకర కాదు. నా ఇంకు కింద, ఆ మాసిన క్యాలెండరు కాగితంలో, పద్నాలుగేళ్ళ పిల్ల ఆ వంపు చూసింది. ఒకవేళ చూడకపోయినా నుదురు గుండ్రమని దాని చేతికి తెలిసి ఉండాలి. రెండూ నాకు తెలియలేదు, టీచరునైనా.

నాకు సిగ్గేసింది. అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. తన్వి భయపడి, "అమ్మమ్మా, ఆర్ యూ ఓకే? లైన్ ఉందా?" అంది. ఉందన్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. రాజమ్మ దూరం నుంచే కళ్ళు తుడుచుకోమని సైగ చేసింది.

తర్వాత కాగితం తీశాను. గళ్ళు గీయలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గళ్ళు లేకుండా ఎవరినీ దింపనివ్వలేదు, నేనూ దింపలేదు. మొదటి కాగితంలో కళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. రెండోదాంట్లో మెడ పొడుగైంది. పెన్సిలు అరిగినప్పుడల్లా కింద లాకరు దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయి చూస్తుండగా బ్లేడుతో చెక్కుకుని వచ్చాను. మూడోసారికి ఆ అమ్మాయే బ్లేడు తీసి నా చేతిలో పెట్టింది. సాయంత్రం గది మూసేవేళకి ఐదో కాగితం మీద దొరసాని కాస్త దొరసానిలా వచ్చింది. నుదుటి గీత ఆఖరున వేశాను.

ఫోన్లో పాతిక ఫోటోలు తీసుకున్నాను, ఈసారి కూర్చునే. రాజమ్మ దగ్గర సెలవు తీసుకుంటే, "ఆ పిల్లకి చెప్పు అక్కా, సింహాచలమ్మ కూడా ఆమె వైపే అని," అంది.

రైల్లో తన్వి మళ్ళీ మొదలుపెట్టింది. "ఇప్పుడు కాల్ చేస్తావా? నౌ యూ నో, వాట్."

"ఫోన్లో కాదమ్మా. నలభై మంది ముందు అన్నాను. నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి."

"వా, సో స్ట్రిక్ట్," అంది తన్వి. ఈసారి మాత్రం కాదనలేదు.

మండలాఫీసు

ఇంటికొచ్చిన మూడో రోజు, నేను వేసిన బొమ్మ పెట్టిన అట్ట పట్టుకుని మండలాఫీసుకి వెళ్ళాను. సరళ కిటికీ ముందు తొమ్మిది మంది ఉన్నారు. పక్క వరసలో ఇద్దరే. తొమ్మిది మంది వెనకే నిలబడ్డాను. మోకాళ్ళు నొప్పులని ఒకాయన ముందుకి వెళ్ళమన్నా వెళ్ళలేదు.

నా వంతు వచ్చేసరికి సరళ తలెత్తకుండానే, "ఏం సర్టిఫికెట్టు అండీ?" అంది. కణతల దగ్గర నెరిసింది. తలెత్తి నన్ను చూసి ఆగిపోయింది. "మీరా మేడమ్," అని లేవబోయింది.

"కూర్చో అమ్మా," అని, వెనకనున్న వాళ్ళ వైపు తిరిగి వాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను. ముప్పై ఏళ్ళ కిందట ఈవిడ నా దగ్గర చదువుకుందని. ఒక బొమ్మలో నాకు కనిపించనిది ఈవిడకి కనిపించిందని. అబద్ధమని అందరి ముందు నవ్వించి, ఈవిడ కాగితం చిరిగేదాకా తుడిచానని. మొన్న వెళ్ళి ఆ బొమ్మ అసలుది చూసి వచ్చానని. "గీత ఉంది సరళా. నువ్వు గీసినట్టే వంగి ఉంది. నాదే తప్పు. నన్ను క్షమించమ్మా," అన్నాను. అట్ట కిటికీలోంచి లోపలికి అందించాను.

సరళ నవ్వలేదు, ఏడవలేదు. అట్ట విప్పి నేను వేసిన దొరసానిని ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. వెనక నుంచి ఎవరో దగ్గారు.

"బాగానే వేశారు మేడమ్," అంది చివరికి. "గీత మాత్రం కొంచెం పైకి పోయింది. ఇంకో నూలుపోగంత కిందికి ఉండాలి, కనుబొమల వైపు."

నా చేతిసంచిలో ఫోనుంది, ఫోనులో పాతిక ఫోటోలున్నాయి. తీసి కొలిచి చూసుకోవచ్చు. తీయలేదు.

"నువ్వే దిద్దు," అని పెన్సిలు ఆమెకిచ్చాను. వరసలో ఉన్నవాళ్ళని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, సరళ కాగితం తన వైపు తిప్పుకుంది.